జాకెట్టు లోపలి కుట్లు

రాయపూర్ పక్కన బీర్‌గావ్‌లో నా కుట్టు దుకాణానికి సోమ, బుధ, శుక్రవారాల్లో నలుగురైదుగురు ఆడవాళ్లు వచ్చేవారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో జాకెట్టు. ఎప్పుడు వచ్చినా అదే జాకెట్టు. ఆరు నెలల పాటు ఒకే జాకెట్టు పట్టుకుని తిరుగుతున్నారంటే, ఈ దర్జీకి కొలతలు తీసుకోవడం రాదని వీధంతా నిర్ధారణకొచ్చేసింది. ఎదురింటి ఛత్తీస్‌గఢీ ముసలమ్మయితే నా మొహం మీదే చెప్పింది, నా చేతికి రుమాలు కూడా ఇవ్వనని. నేను నవ్వి ఊరుకున్నాను. చెప్పుకోలేని పని చేసేవాళ్లకి చెడ్డ పేరు బాగానే అక్కరకొస్తుంది.

ఆ వచ్చేవాళ్లకి జాకెట్టుతో పనిలేదు. దారపు రీళ్ల వెనక, లైనింగు గుడ్డ కప్పి, నా దగ్గర టీబీ మందుల పెట్టెలుండేవి. అప్పట్లో ప్రభుత్వం వాళ్లు ఒక్కో రోగికి ఒక్కో పెట్టె కట్టి, మీద పేరు రాసి, ఆ పేటలోనే ఎవరో ఒకరి దగ్గర ఉంచేవారు. రోగి రోజు విడిచి రోజు వచ్చి ఆ మనిషి కళ్లముందు మింగాలి. ఇంటికి పట్టుకుపోతానంటే కుదరదు. మింగాక నోరు తెరవాలి, నాలిక ఎత్తి చూపించాలి. మా పేటలో చూసే మనిషిని నేను. నేను కూడా ఒకప్పుడు ఇలాగే ఇంకొకరి ముందు నోరు తెరిచినదాన్ని కాబట్టి ఆ పదవి నాకు దక్కింది.

మా నాన్న విజయనగరం వైపు నుంచి రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో పనికొచ్చి రాయపూర్‌లో స్థిరపడ్డాడు. నన్ను ఉర్లా ఫ్యాక్టరీల ఇనుము తోలే లారీ డ్రైవరుకిచ్చి చేశాడు. నా మొగుడు పోతూ పోతూ నాకు రెండు వదిలాడు. ఒకటి కుట్టుమిషను, రెండోది హెచ్చైవీ. రెండూ ఇప్పటికీ నడుస్తున్నాయి.

అతను పోయిన ఏడాదికి నాకు టీబీ పట్టుకుంది. ముప్పై ఆరు కిలోలకి దిగిపోయాను. దగ్గితే మిషను పెడల్ మీద నుంచి కాలు జారిపోయేది. ఆ ఆర్నెల్లూ మందు మింగాను, హెచ్చైవీ మందులు కూడా అప్పుడే మొదలెట్టారు. తగ్గింది. తగ్గడం అంటే మామూలుగా కాదు, బుగ్గలొచ్చాయి. పెద్దాసుపత్రిలో హెచ్చైవీ వాళ్లకి మందులిచ్చే సెంటర్లో ఉండే కౌన్సిలర్ మేడమ్ నన్ను చూసి మురిసిపోయింది. ఆవిడ జీవితంలో బుగ్గలొచ్చిన పేషెంటుని చూసి చాన్నాళ్లయిందేమో, నన్ను మీటింగుల్లో కూర్చోబెట్టడం మొదలెట్టింది. "దీదీ హమారీ హీరోయిన్ హై" అని అందరికీ చూపించేది. ఒకసారి శాలువా కప్పారు. నా పెళ్లిలో కూడా నాకెవరూ శాలువా కప్పలేదు.

మీటింగుల్లో నేను చెప్పేది ముఖ్యంగా గళ్ల గురించి, అదే, కళ్లె గురించి. పరీక్షకి డబ్బీ ఇస్తే జనం అందులో ఉమ్మి వేసి వచ్చేస్తారు, ఉమ్మిలో ఏముంటుంది, పొద్దున తాగిన టీ తప్ప? అందుకని నిలబడి చేసి చూపించేదాన్ని. రెండు సార్లు ఊపిరి నిండా పీల్చాలి, మూడోసారి పీల్చి బిగబట్టి, పొట్ట లోపలి నుంచి దగ్గాలి. నురగ నురగగా, నీళ్లలా వస్తే అది ఉమ్మి, పారబొయ్యండి. చిక్కగా, జిగటగా వస్తే అది గళ్ల. ముందు వరసలో సమోసాలు తింటున్నవాళ్లు సమోసాలు కింద పెట్టేసేవారు. నాకదో సరదా.

చివర్లో మాత్రం ఒక మాట అనేదాన్ని. "ఆరు నెలలు మింగండి చాలు, ఆ పీడ మళ్లీ మీ గుమ్మం తొక్కదు." ఈ మాట నాకు ఏ డాక్టరూ చెప్పలేదు. కౌన్సిలర్ మేడమ్ కూడా ఎప్పుడూ అనలేదు. నేనే కలిపాను. ఆ మాట దగ్గర చప్పట్లు బాగా పడేవి, అందుకని ప్రతిసారీ అన్నాను.

ఆ చప్పట్లు కొట్టినవాళ్లలో ఒకామెని మందు కోసం నా దుకాణానికి పంపారు. పలాస వైపు మనిషి, ఇరవై ఆరేళ్లుంటాయి, మొగుడు రోలింగ్ మిల్లులో పని. ఇద్దరికీ హెచ్చైవీ, ఈమెకి పైన టీబీ. అంతకుముందు ఒకసారి మందు మొదలెట్టి రెండో వారంలోనే మానేసింది. ఒంటికి వెళ్తే ఎర్రగా వచ్చిందట, రక్తం పోతోందనుకుని మాత్రలన్నీ కాలువలో పడేసింది. ఆ మందుకి అలా రావడం మామూలేనని ఎవరూ చెప్పలేదు. రెండోసారి మొదలెట్టాక నా పాలబడింది.

మొదటి రోజు వంకాయరంగు జాకెట్టు ఒకటి పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడింది.

"అప్పా, నీకు నిజంగానే తగ్గీసిందా?" అని అడిగింది. మా వైపు అక్కని అప్ప అంటాం.

"కనబడ్డం లేదేటే? బుగ్గలు చూడు."

"మళ్లీ రాదు కదా?"

"వొస్తే నా పేరు మార్చుకుంటాను. మింగు."

మింగింది. వాంతి చేసుకుంది. మళ్లీ మింగింది. సోమవారం తిట్టుకుంటూ, బుధవారం ఏడ్చుకుంటూ, శుక్రవారం మొగుణ్ని తిట్టుకుంటూ వచ్చేది. మానేస్తానని అన్నప్పుడల్లా నా బుగ్గల వైపు చూసేది. "నీకు తగ్గింది కాబట్టి తింటన్నాను, నేకపోతే ఈ ఇసం ఎవలు తింటారు" అనేది. అంటే ఆ మనిషి ప్రాణం నా రెండు బుగ్గల మీద నిలబడి ఉంది. అప్పుడది నాకు గర్వంగా ఉండేది.

నేను జాకెట్టు కుట్టేటప్పుడు లోపల గుడ్డ ఎక్కువ వదులుతాను. లావైతే కుట్టు ఇప్పుకోవచ్చు, చిక్కితే ఇంకో కుట్టు వేసుకోవచ్చు. ఆమె వంకాయరంగు జాకెట్టుకి రెండో నెలలో ఒక కుట్టు ఇప్పాను. నాలుగో నెలలో ఇంకోటి ఇప్పాను. ఆసుపత్రి తూకం కన్నా ఆ కుట్లనే ఎక్కువ నమ్మేది. కుట్టు ఇప్పిన రోజు ఇంటికెళ్లి మొగుడికి వేసుకుని చూపించేదట.

ఆ నాలుగో నెలలోనే నాకు దగ్గు మొదలైంది.

బీర్‌గావ్‌లో దగ్గు దాచుకోవడం చాలా తేలిక. ఉర్లా ఫ్యాక్టరీల పొగగొట్టాల నుంచి రోజంతా నల్లటి పొడి రాలుతూనే ఉంటుంది. ఇక్కడ అందరూ దగ్గుతారు, పిల్లలూ మేకలూ కూడా. అందుకని మొదటి రెండు వారాలు పొడి మీదకి తోశాను. తర్వాత సాయంత్రం పూట జ్వరం రావడం మొదలైంది, దాన్ని వాన మీదకి తోశాను. చిక్కుతున్నానని జాకెట్టు చెప్పింది. భుజం మీద నుంచి జారిపోతోంటే, దర్జీ ఒంటి మీద వదులు జాకెట్టు ఉంటే బాగోదని ఒక కుట్టు లోపలికి వేసుకున్నాను. ఇంకో మూడు వారాలకి ఇంకో కుట్టు. తర్వాత ఇంకోటి.

నాకు తెలీదా? నూరు మందికి పాఠం చెప్పినదాన్ని. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, చిక్కడం, రాత్రి చెమటలు, ఈ నాలుగూ హెచ్చైవీ మందుల కోసం వెళ్లినప్పుడల్లా అడుగుతారు. నాలుగింటికీ లేదు, లేదు, లేదు, లేదు అని చెప్పి వచ్చాను. తూకం ఎక్కమన్నప్పుడు బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర బొడ్లో దోపుకుని ఎక్కాను. ఆ కత్తెర బరువుతో కూడా కిలోన్నర తగ్గానని చూపించింది. "పండగ ఉపవాసాలు" అన్నాను. ఏ పండగని ఎవరూ అడగలేదు.

చావు భయం ఉంది, లేదనను. కాని అంతకన్నా ముందు నా కళ్లలో మెదిలింది ఆ వంకాయరంగు జాకెట్టే. నాకు మళ్లీ వచ్చిందని తెలిస్తే ఆమె ఆ రోజే మానేస్తుంది. రెండో నెలలోనో ఐదో నెలలోనో మానేసినవాళ్లకి ఏమవుతుందో సెంటర్ బెంచీల మీద కూర్చుని చాలాసార్లు చూశాను. ఇంకో రెండు నెలలు ఓపిక పడితే ఆమె పెట్టె అయిపోతుంది, తర్వాత నా సంగతి చూసుకోవచ్చనుకున్నాను. త్యాగం అనుకున్నాను దాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అయినా మనసు ఊరుకోక ఒకరోజు ఊళ్లో మోవా వైపు పనుందని చెప్పి ఒక్కదాన్నే ఆసుపత్రికెళ్లాను. ల్యాబు మనిషి డబ్బీ ఇచ్చాడు. గోడ వెనక్కి వెళ్లాను. ఊపిరి పీల్చలేదు, బిగబట్టలేదు, పొట్ట లోపలి నుంచి దగ్గలేదు. తెల్లటి నురగ ఉమ్మి వేసి మూత బిగించి ఇచ్చేశాను. రెండోరోజు కూడా అంతే. రిపోర్టు నెగెటివ్ అని వచ్చింది. ఆ కాగితం మడిచి మిషను సొరుగులో పెట్టుకుని, నాకేమీ లేదని నాకు నేనే చెప్పుకున్నాను. ఉమ్మి పాఠం అందరికీ చెప్పి, పరీక్షలో నేనే కాపీ కొట్టాను.

ఇక్కడ బట్టలు తిరగేసి ఆరేస్తారు. ఉర్లా పొడి పైవైపు పడి మరకలు కట్టకుండా, లోపలివైపు బయటికి తిప్పి తీగ మీద వేస్తాం. ఈ సంగతి బీర్‌గావ్‌లో పుట్టిన పిల్లలకి కూడా తెలుసు. నాకు మాత్రం ఆ బుధవారం అది గుర్తుకు రాలేదు. నా పసుపురంగు జాకెట్టు దుకాణం వెనక తీగ మీద లోపలి కుట్లన్నీ బయటపెట్టుకుని వేలాడుతోంది.

వంకాయరంగు జాకెట్టామె మందు మింగి చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్లింది. ఎంతకీ రాలేదు.

"అప్పా, ఈ జాకెట్టు ఎవలిది?"

"నాదే. ఇంకెవలిదో నా తీగ మీద ఎందుకుంటాదే?"

"మూడు వరసలు కుట్టేవు. లోపలికి."

"కొత్త ఫ్యాషను."

ఆమె జాకెట్టు పట్టుకుని లోపలికొచ్చింది. కొత్త దారం మెరుస్తోంది. మూడు కుట్ల మధ్య దూరం వేలితో కొలిచింది, నేనే నేర్పాను ఆ కొలవడం.

"నాది బయిటికి ఇప్పుతున్నావు. నీది లోపలికి ఏసుకుంటన్నావు. ఏటిది?"

సొరుగులోంచి కాగితం తీసి ఆమె మొహం మీద పెట్టాను. "ఇదిగో. టెస్టు చేయించుకున్నాను. నెగెటివ్. చదువుకో."

ఆమెకి చదువు రాదు. కాగితం వైపు చూడలేదు కూడా. నా వైపే చూసింది.

"డబ్బీలో ఏటి ఊసేవు?"

జవాబు చెప్పబోయాను, దగ్గొచ్చింది. నా జీవితంలో అంత అసమయంలో దగ్గు ఎప్పుడూ రాలేదు. ఆమె జాకెట్టు మిషను మీద పడేసి, చెప్పులేసుకుని, "పద" అంది.

ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని వెళ్లాం. నేను చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆసుపత్రిలో ల్యాబు మనిషి నన్ను చూసి "ఫిర్ ఆ గయీ, మేడమ్?" అని, మళ్లీ వచ్చినందుకు ఆశ్చర్యపడుతూ డబ్బీ ఇచ్చాడు. గోడ వెనక్కి వెళ్లి వచ్చాను. ఆమె చెయ్యి చాపింది. ఇచ్చాను. మూత తీసి, ఎండకేసి పట్టుకుని, అటూ ఇటూ వంచి చూసింది.

"ఇది ఉమ్మి" అంది. "గళ్ల కాదు. పారబోసి మళ్లీ ఊసు. మూడోసారి బిగబట్టి, పొట్ట లోంచి."

ల్యాబు మనిషికి తెలుగు రాదు, కాని విషయం అర్థమై నవ్వడం మొదలెట్టాడు. నాకు నవ్వు రాలేదు. గోడ వెనక్కి వెళ్లి, మూడోసారి బిగబట్టి, పొట్ట లోంచి దగ్గాను. ఏడుపు కూడా దాంతోపాటే వచ్చింది.

పాజిటివ్. రెండు రోజులకి డాక్టరు పిలిచి కూర్చోబెట్టాడు. మొదటిసారి మందు పనిచేసింది, తగ్గింది నిజమే అన్నాడు. మళ్లీ రావడానికి రెండు దారులున్నాయట. లోపల ఎక్కడో దాక్కున్న పాత క్రిమి లేవచ్చు, లేదా ఎవరి దగ్గర నుంచో కొత్తది అంటుకోవచ్చు. హెచ్చైవీ ఉన్న ఒంట్లో రెండింటికీ వీలెక్కువ. పాతదా కొత్తదా అని నేను ఆత్రంగా అడిగాను, ఎవరినైనా తిట్టుకుందామని. తేల్చి చెప్పలేనన్నాడు.

తర్వాత ఆయన ఇంకో ప్రశ్న అడిగాడు. "ఈ రెండు నెలలూ ఆ ఇరుకు దుకాణంలో హెచ్చైవీ పేషెంట్ల ఎదురుగా కూర్చుని దగ్గావా?"

దగ్గాను. త్యాగం అనుకుని దగ్గాను. ఎవరిని కాపాడుతున్నాననుకున్నానో వాళ్ల మొహాల మీదే దగ్గాను. ఆ సాయంత్రం సిగ్గుతో నాకు అన్నం దిగలేదు. అందరినీ పరీక్షకి పిలిపించారు. ఎవరికీ నా వల్ల కొత్తగా ఏమీ రాలేదని తేలడానికి పట్టిన రోజుల్లో నేను నిద్రపోయిన గంటలు వేళ్ల మీద చెప్పొచ్చు.

రెండోసారి వచ్చినవాళ్లకి అప్పట్లో ఎనిమిది నెలల పెట్టె. మొదటి రెండు నెలలు మాత్రలతోపాటు పిరుదుకి ఇంజెక్షన్లు. కుట్టుమిషను ముందు రోజంతా కూర్చుని బతికే మనిషికి అక్కడ గుచ్చడం ఎవరి ఆలోచనో గాని, కుడివైపు, ఎడమవైపు మార్చి మార్చి కూర్చుని కుట్టాను. ఆ రోజుల్లో కుట్టిన జాకెట్లన్నీ ఒకవైపు వంకరే. ఇప్పుడు ఆ ఇంజెక్షన్లు ఎత్తేశారు, మందు రోజూ మింగమంటున్నారు. మంచిదే.

గళ్ల పరీక్ష మళ్లీ శుభ్రంగా వచ్చేదాకా దుకాణం లోపల ఎవరినీ కూర్చోబెట్టొద్దన్నారు. పెట్టెలు తెచ్చి అరుగు మీద పెట్టాను, మూతికి లైనింగు గుడ్డ రెండు మడతలు కుట్టి కట్టుకుని దూరంగా నిలబడ్డాను. సోమవారం మిగతావాళ్లందరూ వచ్చారు. ఆమె రాలేదు. బుధవారం కూడా రాలేదు.

పిలిచి తెద్దామని వాళ్ల సందు మొగదాకా వెళ్లాను. వెళ్లి ఏం చెప్పాలి? మింగు, తగ్గిపోతుంది, మళ్లీ రాదు అనా? ఉన్న ఒక్క మాటా చెల్లని మాటైపోయింది. కొళాయి దగ్గర కాసేపు నిలబడి వెనక్కి వచ్చేశాను. భయం వేసింది. ఆమె చచ్చిపోతుందని, ఆ చావుకి నా బుగ్గలే కారణమని భయం వేసింది. ఆ రోజు నా మాత్రలు కూడా మింగలేదు. నా పెట్టె నా దగ్గరే ఉంచారు, చూసే మనిషిని నేనే కదా. నన్ను చూసేవాళ్లు లేరు.

శుక్రవారం పదిన్నరకి వచ్చింది. చేతిలో వంకాయరంగు జాకెట్టు లేదు. ఉత్త చేతులు. వీధంతా చూస్తుండగా అరుగెక్కి కూర్చుంది.

"నా మీద కోపమేటే?" అన్నాను.

"మళ్లీ వొచ్చిందని కాదు కోపం. నాతో అబద్దమాడినావని. రెండు రోజులు మందు మానీసేను, నీ మీద కసితో."

"ఎంత పని చేసేవే."

"నీ పెట్టె ఏదీ?"

చూపించాను. తీసి, లోపలి అట్టలు లెక్కపెట్టింది. అట్టల మీద వారాలు ఎలా చూడాలో నేనే నేర్పాను. ఒకచోట వేలు ఆగింది.

"బుదవారంది ఇక్కడే ఉన్నాది."

అట్ట లాక్కోబోయాను.

"నాను రానేదని నువ్వు మానీసేవా?" అంది. "మరి నువ్వు పోతే నా మందు ఎవలు సూస్తారు?"

తన పెట్టె తనే తెరిచింది. తన మాత్రలు తీసి, గ్లాసు నీళ్లతో మింగి, నేనడక్కుండానే నోరు తెరిచి నాలిక ఎత్తింది. తర్వాత నా ఏడు మాత్రలూ నా అరచేతిలో పోసి, నా మూతి గుడ్డ కిందకి లాగి, గాలి వచ్చేవైపు జరిగి కూర్చుంది. నేను మింగబోతుంటే ఆగమంది.

"నిజం సెప్పు. ఇది తగ్గీసినాక మూడోసారి కూడా వొస్తాదా?"

చప్పట్లు కొట్టించిన ఆ పాత మాట అలవాటు కొద్దీ నాలిక చివరిదాకా వచ్చింది. ఎదురింటి ముసలమ్మ గుమ్మంలో నిలబడి మమ్మల్నే చూస్తోంది.

"తెలీదే" అన్నాను.

ఆమె గ్లాసు నా చేతిలో పెట్టింది.

"వొస్తే మళ్లీ మింగుదాం" అంది. "ఇప్పుడు మింగు. ఆ, నోరు తెరువు. నాలిక ఎత్తు."

ఎత్తాను.